చెక్కు వచ్చాక నవ్వు ఏమైంది? ‘అమెరికన్ ఫిక్షన్’పై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే సినిమా మీద. చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాం. ‘అమెరికన్ ఫిక్షన్’ 2023 నాటిది, నిడివి 117 నిమిషాలు. దర్శకుడు కార్డ్ జెఫర్సన్‌కి ఇదే మొదటి సినిమా. పెర్సివల్ ఎవరెట్ 2001లో రాసిన నవల దీనికి మూలం. థెలోనియస్ ఎలిసన్ అనే నల్లజాతి ప్రొఫెసరు, అందరూ మంక్ అంటారు, నవలలు రాస్తాడు. ఎవరూ కొనరు. కొత్త నవలేమో ‘నల్లవాళ్ల కథలా లేదు’ అని ప్రచురణకర్తల దగ్గర్నుంచి తిరిగొస్తుంటుంది. ఒళ్లు మండి, వాళ్లు అడిగే సరుకే, అంటే తుపాకులు, మత్తుమందులు, ఇల్లు వదిలేసిన తండ్రి, అన్నీ కలిపి మారుపేరుతో ఒక నవల గిలికి పడేస్తాడు. వెక్కిరించడానికి రాసింది కాస్తా వాళ్లకి తెగ నచ్చేస్తుంది. ఏడున్నర లక్షల డాలర్లు ఇస్తామంటారు. అక్కడి నుంచి తిప్పలు మొదలు. ముగింపు ముందే తెలిస్తే చిరాకనుకునేవాళ్లు మూడో ప్రశ్న దాటేయండి.

ప్ర: కామెడీ అని ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. అరగంట తిరక్కుండానే ఒక చావు, ఆ తర్వాత తల్లికి మతిమరుపు జబ్బు. ఇదేం కామెడీ? — పాఠకుడు, విజయనగరం

జ: ప్రచారం మీకు సగమే చెప్పింది. ట్రైలర్‌లో నవల గొడవ ఎక్కువ, ఇంటి గొడవ తక్కువ. సినిమాలో మాత్రం రెండూ ఒకే తాడుకి రెండు పురులు. ఒకటి విప్పితే రెండోది నిలవదు.

లెక్క చూడండి. తల్లి ఆగ్నెస్‌కి ఆల్జైమర్స్ మొదలైంది. ఇన్నాళ్లూ ఆమెను కనిపెట్టుకుని ఉన్నది డాక్టరైన కూతురు లీసా. ఆమె గుండెపోటుతో పోయింది. ఇంకో కొడుకు క్లిఫ్ విడాకులతో చితికిపోయి ఉన్నాడు. తల్లిని మంచి సంరక్షణ కేంద్రంలో చేర్చాలంటే నెలనెలా డబ్బు కావాలి, మంక్ పుస్తకాలకి రాయల్టీ రాదు. సరిగ్గా అప్పుడు చెక్కు వచ్చింది. ఇంట్లో ఈ అవసరమే లేకపోతే మంక్ ఆ చెక్కు చింపేసి, ‘మీ తెలివి ఇంతే’ అని నాలుగు తిట్టి వెళ్లిపోయేవాడు. పది నిమిషాల స్కిట్ అయ్యేది. తిరస్కరించలేని స్థితిలో పెట్టాకే వెటకారం అతని మీదికే తిరిగింది.

ఈ పద్ధతి మీ ఊరికి కొత్తది కూడా కాదు. 1892లో మీ ఊళ్లోనే ఆడిన ‘కన్యాశుల్కం’లో గిరీశం కోతలకి పడీపడీ నవ్వుతాం. ఆ నవ్వు కింద ఉన్నది ముసలివాడికి పసిపిల్లని అమ్మే బేరం. బేరం తీసేస్తే గిరీశం ఉత్త వాగుడుకాయ.

మీ ఫిర్యాదులో ఒక్క ముక్కతో మాత్రం ఏకీభవిస్తాం. పక్కింటి లాయరు కోరలైన్‌తో ప్రేమ వ్యవహారం పలచన. ఆమెతో గొడవ రావాలి కాబట్టి వచ్చిందన్నట్టుంటుంది. అదే ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసిన లొరైన్ పెళ్లి చూడండి, ఉన్నది కొద్దిసేపే అయినా మనసులో ఉండిపోతుంది.

ప్ర: సింటారా గోల్డెన్ అనే రచయిత్రి తప్పుచేసిందా, మంక్ తప్పుచేశాడా అని మా లైబ్రరీలో రెండు జట్లయ్యాం. మీరేమంటారు? — పాఠకులు, బొబ్బిలి

జ: ముందు సందర్భం. సింటారా కూడా నల్లజాతి రచయిత్రే. మురికివాడ యాసలో ఆమె రాసిన పుస్తకం బాగా అమ్ముడైంది. మంక్ కడుపుమంటకి మొదటి కారణం ఆ పుస్తకమే. తర్వాత ఇద్దరూ ఒకే సాహిత్య బహుమతి కమిటీలో పడతారు. పరిశీలనకి వచ్చిన పుస్తకాల్లో మంక్ మారుపేరుతో రాసినదీ ఉంది. అది అతనిదని ఎవరికీ తెలియదు.

మీ వాదం తెగాలంటే వాళ్లిద్దరే కూర్చుని మాట్లాడుకునే సీను మళ్లీ చూడండి. ఆ నవలలో సరుకు లేదని ఆమె కూడా అంటుంది. మంక్ ఊరుకోకుండా, మరి నీ పుస్తకానికీ దీనికీ తేడా ఏమిటని అడుగుతాడు. తాను మనుషుల్ని కలిసి, అడిగి తెలుసుకుని రాశానంటుంది ఆమె. ‘నా పుస్తకం చదివావా?’ అన్న దగ్గర మంక్ నీళ్లు నములుతాడు. ముక్కలు ముక్కలుగా చదివాడంతే. ఇన్నాళ్లూ తిట్టిపోసిన పుస్తకాన్ని పూర్తిగా చదవలేదు! అక్కడ మా ఓటు సింటారాకే. అయితే కొనేవాడికి ఏం కావాలో అది ఇస్తే తప్పేమిటన్న ఆమె వాదనకి మంక్ చెప్పే జవాబు కూడా తీసిపారేసేది కాదు: అదొక్కటే ఇస్తూపోతే మన బతుకుల్లో మిగతావన్నీ లేనట్టే అయిపోతాయి కదా అని. దర్శకుడు ఎవరినీ గెలిపించకుండా సీను మధ్యలో తెంపేశాడు. మీ రెండు జట్లూ కొట్టుకోవాలనే.

ఆ వెంటనే వచ్చే ఓటింగు సీను మాత్రం వదలకండి. కమిటీలో ముగ్గురు తెల్లవాళ్లు, ఇద్దరు నల్లవాళ్లు. నల్లవాళ్లిద్దరూ ఆ నవల వద్దంటారు. ముగ్గురు తెల్లవాళ్లూ అదే కావాలంటూ, నల్లవాళ్ల గొంతు వినాల్సిన సమయమిది అంటారు. సినిమా మొత్తంలో ఇంత కచ్చితమైన జోకు ఇంకొకటి లేదు. ఎవరూ గొంతు పెంచరు, ఎవరూ మొహం వంకర పెట్టరు.

ప్ర: చివర్లో మూడు ముగింపులు చూపించారు. ఏది నిజం? — పాఠకురాలు, టెక్కలి

జ: మూడూ నిజం కాదు. మంక్ బహుమతి వేదిక ఎక్కాక తెర నల్లబడుతుంది. అక్కడి నుంచి మనం చూస్తున్నది, కథలో అతనితో సినిమా తీయబోతున్న దర్శకుడి పాత్రకి అతను చెబుతున్న నేరేషన్. మొదటిది, ఏమీ తేల్చకుండా ఆపేయడం. దర్శకుడికి నచ్చదు. రెండోది, కోరలైన్ దగ్గరికెళ్లి క్షమాపణ అడగడం. ప్రేమకథలా ఉందని అదీ వద్దంటాడు. మూడోదాంట్లో పోలీసులు వచ్చి, చేతిలో ఉన్న బహుమతిని తుపాకీ అనుకుని కాల్చేస్తారు. దర్శకుడు ఎగిరి గంతేస్తాడు. అంటే వెక్కిరింపు నవలకి పట్టిన గతే సినిమాకీ పట్టింది. వేదిక మీద అతను అసలు ఏం మాట్లాడాడో మనకి చెప్పరు. చెబితే బాగుండేదని కొందరు రాశారు. చెప్పకపోవడమే సబబని మా అభిప్రాయం, చెబితే అది నాలుగో ముగింపు అయ్యేది.

ప్ర: మంక్ ఆ మారుపేరు రచయితగా ఫోన్లో గొంతు మార్చి జైలు నుంచి పారిపోయినవాడిలా మాట్లాడుతుంటే మన సినిమాల్లో శ్రీకాకుళం యాస గుర్తొచ్చింది. యాస నిజమైనదో అతికించినదో చూసేవాళ్లు ఎలా పట్టుకోవాలి? — పాఠకుడు, ఆమదాలవలస

జ: చిన్న పరీక్ష ఉంది. సినిమాలోంచి ఒక పది డైలాగులు కాగితం మీద రాసుకోండి. ‘ఏటి’, ‘బావూ’, ‘గుంట’, ‘ఓలమ్మో’ లాంటి మాటలు కొట్టేయండి. మిగిలింది విజయవాడ మాటలా ఉంటే అది అతికించిన యాస.

ఎందుకంటే యాస ఉండేది మాటల్లో కంటే క్రియల్లో. రచయితలు ‘ఏమిటి’ తీసి ‘ఏటి’ పెడతారు, క్రియ ముట్టుకోరు. ‘ఏటి చేస్తున్నారండీ?’ అనిపిస్తారు. ఆ ‘అండీ’ గోదావరిది. మీ వైపు పల్లెల్లో ‘ఏటి సేస్తన్నావు బావూ’ అంటారు. ‘తినేశాడు, వచ్చేశాడు’ మీ దగ్గర ‘తినీసినాడు, వచ్చీసినాడు’ అవుతాయి. ‘ఉంది’ అనేది ‘ఉన్నాది’. ‘వెళ్తాను’ అనేది ‘ఎల్తాను’. ‘వచ్చాడేమో’ అనడానికి ‘వచ్చినాడు గావాల’. ఈ ‘గావాల’ సినిమాల్లో వినపడదు, ఊళ్లో మాత్రం నిమిషానికొకటి వినపడుతుంది. అనుమానాన్ని, వినికిడిని, ‘నా మీద పెట్టకు’ అనడాన్ని ఒక్క ముక్కలో పెట్టే మాట అది. హాస్యానికి బంగారం. బోగట్టా చెప్పేవాడి నోట దాన్ని సరైన చోట పెడితే పక్కన ఇంకో జోకు అక్కర్లేదు.

రెండో తప్పు, జిల్లా అంతా ఒకటే మాట అనుకోవడం. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా కలుస్తుంది. తీరం గ్రామాల ఉచ్చారణ వేరు, ఏజెన్సీ వేరు. టౌన్లో చదువుకున్నవాళ్లు మేష్టారి ముందు ఒకలా, ఇంట్లో ఒకలా మాట్లాడతారు. ఒకే పాత్ర ఎదుటి మనిషిని బట్టి మాట మార్చడం కనిపించిందంటే ఆ రచయిత చెవి మంచిదని లెక్క. గిరీశం చేత గురజాడ చేయించింది అదే కదా, ఇంగ్లీషు ఎప్పుడు వాడాలో వాడికి బాగా తెలుసు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. యాస ఎవరికిచ్చారు? ఊరు ఒకటే, పుట్టింది ఒకటే, హీరో మాత్రం వార్తలు చదివినట్టు మాట్లాడతాడు, పాలేరు, దొంగ, తాగుబోతు యాసలో మాట్లాడతారు. అంటే అక్కడ నవ్వుకి సరుకు మాట కాదు, మనిషి. మంక్ మండిపడింది సరిగ్గా ఇందుకే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు పుట్టింది (1863) ఈ శ్రీకాకుళం నేల మీదే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న భాషా దినోత్సవం చేసి, మర్నాడు అదే యాసని కమెడియన్‌కి అప్పజెప్పడం మనకి అలవాటైపోయింది.

ప్ర: ఈ సినిమాకి ఎన్ని ఆస్కార్లు? — పాఠకుడు, చీపురుపల్లి

జ: ఒకటే. 2024 మార్చిలో, మరో రచన నుంచి తీసుకున్న స్క్రీన్‌ప్లే విభాగంలో. నామినేషన్లు మాత్రం ఐదు: ఉత్తమ చిత్రం, నటుడు (జెఫ్రీ రైట్), సహాయ నటుడు (స్టెర్లింగ్ కె. బ్రౌన్), స్క్రీన్‌ప్లే, సంగీతం. అంతకుముందు 2023 సెప్టెంబరులో టొరంటో ఉత్సవంలో ప్రేక్షకుల ఓట్లతో ఇచ్చే బహుమతి కూడా దీనికే వచ్చింది.

ప్ర: సినిమాలో మంక్ నవల హక్కులు నలభై లక్షల డాలర్లకి పోయాయి. నా కథ ఒకటి వారపత్రికలో వచ్చింది. తెలిసిన కుర్రాడు షార్ట్ ఫిల్మ్ తీస్తానంటున్నాడు, ‘పేరు వేస్తాం మేష్టారూ, కాగితాలెందుకు’ అంటున్నాడు. ఏం చేయాలి? — పాఠకుడు, పలాస

జ: కాగితం కావాలి. కుర్రాడు మంచివాడైనా కావాలి, రేపు అతని దగ్గర కొనుక్కునేవాడు మీకు తెలిసినవాడు కాడు.

ముందు హక్కు మీ దగ్గరే ఉందో లేదో చూసుకోండి. పత్రికలో ఉద్యోగం చేయకుండా బయటి నుంచి పంపిన కథ మీదే, మీరు రాతపూర్వకంగా ఇచ్చేస్తే తప్ప. కథతో పాటు పంపిన హామీపత్రంలో, పారితోషికం అందిందని సంతకం పెట్టిన రసీదులో ‘సర్వహక్కులు’ అన్న మాట ఉందేమో వెతకండి. చాలామంది జారిపడేది ఆ రసీదు దగ్గరే.

ఇక ఒప్పందం. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కు బదిలీ రాతలో ఉండాలి, ఇచ్చేవాడి సంతకం ఉండాలి. ఏ కథ, ఏ హక్కు, ఎన్నాళ్లు, ఏ ప్రాంతం, ఎంత డబ్బు, ఇవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే ఇండియా అని చట్టమే అనుకుంటుంది. తీసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడకపోతే అది చెల్లదు, కానీ ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రాతే నడుస్తుంది. అందుకే ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో’ అని అచ్చు కాగితం తెస్తే అలాగే సంతకం పెట్టేయకండి. షార్ట్ ఫిల్మ్‌కైతే ఇలా రాసుకుంటే సరిపోతుంది: ఫలానా కథ ఆధారంగా, ఇన్ని నిమిషాలకు మించని ఒక్క లఘుచిత్రం, తెలుగులో, రెండేళ్లలోపు తీయాలి. పెద్ద సినిమా, వెబ్ సిరీస్, ఇతర భాషల హక్కులు రచయితవే. పేరు తెర మీద ఎక్కడ, ఏ మాటతో పడాలో కూడా రాయండి. ‘మూలకథ’ వేరు, ‘ఆలోచన’ వేరు. ఆలోచన అని వేశారంటే కథ వాళ్లదన్నమాట.

డబ్బు వద్దనుకున్నా ఎంతోకొంత అంకె వేసి, అందినట్టు రాసుకోండి. కథని చెడగొట్టి మీ పరువు తీస్తే అడిగే హక్కు 57వ సెక్షను కింద, హక్కులు అమ్మేశాక కూడా, మీకుంటుంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. చేయిస్తే సాక్ష్యానికి బలం. సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు, ఫారం 14, అభ్యంతరాల కోసం 30 రోజుల గడువు. కథని కవర్లో పెట్టి మన అడ్రసుకే రిజిస్టర్డ్ పోస్టు చేసుకోవడం అనే పాత చిట్కాని నమ్ముకోకండి. ఇంకొక సంగతి. ‘కిడ్నీ జబ్బుల ఊళ్లో పెళ్లిచూపులు’ అన్న ఆలోచనకి రక్షణ లేదు, దాన్ని మీరు నడిపిన తీరుకే ఉంది. సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది ఇదే. నోటితో కథ చెప్పి వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ప్ర: మీ పత్రికకి ఈ సినిమా మీద అభిప్రాయం పంపితే వేసుకోలేదు. ఎలా రాస్తే వేస్తారు? — పాఠకురాలు, పార్వతీపురం

జ: మూడొందల మాటలు చాలు. వచ్చినవాటిలో ఎక్కువ ఎందుకు పక్కకి పోయాయో చెబుతాం. కథ చెప్పడానికే రెండొందల మాటలు ఖర్చయ్యాయి. తర్వాత ‘నటన అద్భుతం, సంగీతం హృద్యం, ఫోటోగ్రఫీ కనులవిందు’ అని ఒక్కో శాఖకి ఒక్కో దండ. అది ఏ సినిమాకైనా అతుకుతుంది.

కథకి యాభై మాటలు మించకండి. తర్వాత ఒక్క సీను ఎంచుకోండి. ఉదాహరణకి, మంక్ రాత్రిపూట నవల రాస్తుంటే అతని పాత్రలు అదే గదిలో నిలబడి డైలాగులు చెబుతుంటాయి, మధ్యలో ఆగి ‘ఇప్పుడు నేనేమనాలి?’ అన్నట్టు అతని వైపు తిరుగుతాయి. అక్కడ ఎవరు ఎక్కడున్నారు, ఏమన్నారు, మీరు ఎందుకు నవ్వారు, లేదా ఎందుకు నవ్వలేదు, ఇది నూటయాభై మాటల్లో రాయండి. పరమచెత్త డైలాగుల్ని మంచి నటులు చిత్తశుద్ధితో చెప్పడం వల్ల నవ్వొచ్చిందని ఒకరు రాశారు, వేసుకున్నాం. అదే సీను చూసి, వెటకారం కోసం రాస్తున్నానన్నవాడు ఆ రాతలో మునిగిపోయి కనిపించాడే అని ఇంకొకరు అడిగారు. అది ఇంకా బాగుంది, అదీ వేసుకున్నాం. మిగిలిన వందలో మీకు నచ్చనిది ఒకటి, కారణంతో. ‘సాగదీశారు’ అంటే చాలదు. ఏ సీను తర్వాత మీరు ఫోను తీశారో చెప్పండి.

రేటింగు చుక్కలు పంపకండి. మాకు వాటితో పనిలేదు.

ప్ర: సబ్‌టైటిళ్లతో చూశాం. జోకులు సగం జారిపోయాయని అనుమానం. — పాఠకులు, పాలకొండ

జ: అనుమానం నిజమే. తెర మీద ఒక వరుసకి సుమారు 42 అక్షరాలు, అదీ రెండు వరుసలు మించకుండా పెడతారు. పాత్రలు గబగబా మాట్లాడితే కొంత కత్తిరించక తప్పదు. పైగా కొన్ని జోకులు స్పెల్లింగులోనే ఉన్నాయి. మంక్ నవలకి మొదట పెట్టిన పేరు ‘పేథాలజీ’ అన్న మాటని కావాలని తప్పుగా, పలికినట్టే రాసింది. తర్వాత ప్రచురణకర్తలు ఒప్పుకోరులే అన్న ధీమాతో దాన్ని ఒక బూతుమాటగా మార్చమంటాడు, వాళ్లు దానికీ సై అంటారు. ఇంగ్లీషు చదవగలిగితే ఇంగ్లీషు సబ్‌టైటిళ్లే పెట్టుకుని, ఏజెంటు ఆర్థర్‌తో మంక్ మాట్లాడే సీన్లు రెండోసారి చూడండి.

ప్ర: మా గ్రంథాలయంలో ఆదివారం పూట ఉచితంగా వేద్దామనుకుంటున్నాం. ఎవరి అనుమతైనా కావాలా? — పాఠకుడు, రాజాం

జ: కావాలి. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. టికెట్ పెట్టకపోయినా నలుగురిని పిలిచి వేస్తే బహిరంగ ప్రదర్శనే, హక్కుదారు లైసెన్సు ఉండాలి. ఔత్సాహిక సంఘాలకి చట్టంలో ఉన్న మినహాయింపు నాటకం, సంగీతం లాంటివాటికి, సినిమాకి కాదు. విద్యాసంస్థకి మాత్రం 52వ సెక్షనులో వెసులుబాటు ఉంది: సంస్థ కార్యక్రమాల్లో భాగంగా, చూసేవాళ్లు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్లు అయితే వేసుకోవచ్చు. మీ ఊరి కాలేజీ తెలుగు శాఖనో ఇంగ్లీషు శాఖనో కలుపుకుని, వాళ్ల విద్యార్థులకే పెట్టించండి. అమెరికాలో దీనికి ఆర్ రేటింగు, బూతులు ధారాళం. కాబట్టి స్కూలు పిల్లలకి వద్దు, డిగ్రీ పిల్లలకి ఫరవాలేదు.

చర్చ కూడా పెట్టుకుంటే కథానిలయం నుంచి ఈ ప్రాంతపు కథలు రెండు మూడు ముందే చదివి రమ్మనండి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన ఆ గ్రంథాలయం మీకు ఎంతో దూరం కాదు. మంక్ పుస్తకాల షాపులో తన నవలలు ‘నల్లజాతి అధ్యయనాల’ అరలో కనిపిస్తే ఒక మోపుగా ఎత్తుకుని వేరే అరకి తానే మోసుకుపోతాడే, ఆ సీను దగ్గర సినిమా ఆపి, ‘ఉత్తరాంధ్ర కథ’ అని వేరే అర ఉండాలా వద్దా అని అడిగి చూడండి. గంట సరిపోదు.